అరచేతుల మీద మచ్చలు

ఆగస్టు 21
రెండు అరచేతుల్లోనూ మచ్చలు. ఎర్రగా, కందిగింజంత. దురద లేదు, మంట లేదు. విత్తనానికి వేసిన సీడు పత్తికి మందు కొట్టి నాలుగు రోజులైంది, దాని పనే అయివుంటుంది. చేతులకు తొడుగులు కొనుక్కోమని అమ్మ మొత్తుకుంటూనే ఉంది. నేను వింటే కదా.

సుజాతకు వాంతులు. మూడో నెల. పెళ్లైన ఐదేళ్లకు... ఇంట్లో అందరం మెల్లగా నడుస్తున్నాం.

ఆగస్టు 24
అరికాళ్లకూ వచ్చాయి. బూట్లు వేసుకునే కదా మందు కొట్టింది! మరి కాళ్లకెట్లా?

ఊళ్లో ఆర్ఎంపీకి చూపించాను. "వేడి చేసింది, మజ్జిగ తాగు" అని ఒక ట్యూబు చేతిలో పెట్టాడు. జూన్‌లో కింద పుండు లేచినప్పుడూ ఇదే మాట, ఇదే ట్యూబు. అది నొప్పి లేకుండా వచ్చి, దానంతటదే మానింది. మానిందంటే పోయిందనుకున్నాను.

ఆగస్టు 25
ఫోన్‌లో వెతికాను. అరచేతులు, అరికాళ్లు, దురద లేని మచ్చలు, అంతకు ముందు నొప్పి లేని పుండు... అన్నీ ఒకే పేరు దగ్గరికి తీసుకుపోతున్నాయి. సిఫిలిస్. మా తాతల కాలం మాటలో సవాయి. పత్తిని ఊరికే తిట్టాను.

పెబ్బేరు మల్లేశ్ గుర్తొస్తున్నాడు. మూడేళ్లుగా శనివారం పెబ్బేరు సంత. వాడి ట్రాలీ ఆటోలో ఎడ్లు, పక్క సీట్లో నేను. ఎడ్ల బేరానికి వచ్చిన ఇద్దరు మగవాళ్లు మధ్యాహ్నం ఒక గదిలో నడుం వాల్చితే లాడ్జి వాడు తల కూడా ఎత్తడు. వాడికి పెళ్లాం, పిల్లలు. నాకు సుజాత. ఎవరికీ అన్యాయం చేయట్లేదనుకున్నాం.

ఆగస్టు 27
వనపర్తి బస్సెక్కాను. గద్వాలలో అయితే చీటీ రాయించుకునే దగ్గరే మనవాళ్లు ఎదురవుతారు.

దవాఖాన గోడ మీద ఎయిడ్స్ బొమ్మ. ఒక లారీ, పక్కన పూలు పెట్టుకున్న ఆడమనిషి. చిన్నప్పటి నుంచీ ఇలాంటి బొమ్మలే చూస్తున్నాను, వాటిలో నేనెప్పుడూ లేను. కండోమ్ అంటే ఆడవాళ్ల దగ్గరికి పోయేవాళ్ల సరుకు. మా ఇద్దరి మధ్య ఏముంది, కడుపా కాన్పా? మల్లేశ్ అనేవాడు — "మనకేం భయంరా, మనం ఆడోళ్ల జోలికి పోతలేం గద!" నవ్వుకునేవాళ్లం. డిగ్రీ చదివిన వెధవను, నేనూ నవ్వాను.

కౌన్సెలర్ సార్ తలుపు వేసి అడిగాడు. "ఆడోళ్లతోనా, మగోళ్లతోనా, ఇద్దరితోనా?" నీ భూమి తరీనా ఖుష్కీనా, మాగాణా మెట్టా అని అడిగినంత మామూలుగా. ఇద్దరితో, అన్నాను. పుట్టి బుద్ధెరిగాక పైకి అనడం ఇదే మొదలు. ఆయన రాసుకున్నాడు. పైకప్పు కూలలేదు.

హెచ్ఐవి లేదు — ఇప్పటికి. మూడు నెలలకు మళ్లీ చూడాలట. సిఫిలిస్ ఉంది.

"సూదితో పోతది తమ్మీ, పరేషాన్ గాకు. ఇంట్లో ఆమె?" మూడో నెల అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టాడు. "ఆలస్యం చెయ్యకు. ఆమెకు గూడ ఉంటే బిడ్డకు పోతది. కడుపులనే సచ్చిపోవచ్చు. ఇప్పుడే సూది పడితే మంచిగుంటది. నీ దోస్తుకు గూడ చెప్పాలె."

కండోములు, ఏదో జెల్ పొట్లం కట్టి ఇచ్చాడు. ఇద్దరికీ చికిత్స అయిపోయేదాకా ఎవరి దగ్గరికీ పోవద్దని, ఆ తర్వాత ఇవి లేకుండా వద్దని. "కొబ్బరినూనె వాడకుండ్రి, కండోమ్ చినుగుతది." కొబ్బరినూనె సంగతి ఈయనకెట్లా తెలుసు! దొంగసొత్తులా సంచి అడుగున దాచుకుని వచ్చాను.

ఆగస్టు 28
నిన్న రెండు పిర్రల మీదా సూదులు వేశారు. కూర్చోలేను. పొద్దున కూలీలతో కలిసి నిలబడే పత్తి పూలకు పుప్పొడి అద్దాను. "కూసోవేందిరా?" అంటుంది అమ్మ. జారిపడ్డానన్నాను.

ఆగస్టు 30
మల్లేశ్‌కు ఫోన్ చేయలేదు. చేయను. వాడే తెచ్చి అంటించాడు.

లేక నేనా? మే నెలలో కర్నూలులో ఒకడు... పేరు కూడా అడగలేదు. ఈ మాట ఇక్కడ కూడా ఇన్నాళ్లూ రాయలేదు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పలేం. కోపానికి మాత్రం ఒక మనిషి కావాలి.

సెప్టెంబర్ 1
బలానికి సూది అని చెప్పి సుజాతను తీసుకుపోతే? ఫోన్ చేసి అడిగితే కౌన్సెలర్ సార్ గొంతు మారింది. "మోసం చేసి ఏపియ్యకు. ఒళ్లు ఆమెది."

సెప్టెంబర్ 2
చెప్పలేదు.

సెప్టెంబర్ 3
చెప్పలేదు. వాంతి చేసుకుంటుంటే నుదురు పట్టుకున్నాను. "నువ్వుంటే ధైర్యం" అంది. పిరికివాణ్ణి పట్టుకుని.

సెప్టెంబర్ 4
చెప్పాను. చేను గట్టు మీద, కూలీలు అన్నాలకు కూర్చున్నప్పుడు. నాకొక రోగం వచ్చింది, నీకూ వచ్చి ఉండొచ్చు, తప్పు చేసిన — ఇంతే. పెళ్లైన ఆడదానికి ఆ మాటకు ఒక్కటే అర్థం. ఆ అర్థాన్ని అలాగే ఉండనిచ్చాను. అబద్ధం ఆడలేదు, ఆడే అవసరమే రాలేదు. ఎంత తెలివి నాకు! బయట ఒక ఆడమనిషి అంటే నాలుగు రోజులు ఏడ్చి ఇంట్లో ఉండనిస్తారు. మగవాడంటే?

ఒక్కటే అడిగింది. "బిడ్డకేమన్న అయితదా?"

సెప్టెంబర్ 5
వనపర్తి, ఇద్దరం. ఆమెకూ సిఫిలిస్ ఉంది. హెచ్ఐవి లేదు. సూదులు వేశారు. డాక్టరమ్మ అంది, "జల్దిన వచ్చిన్రమ్మా. బిడ్డకు మంచిగుంటది, చెప్పిన తారీఖులకు మాత్రం తప్పకుండ రావాలె."

తిరుగు బస్సులో కిటికీ వైపు కూర్చుంది. పెబ్బేరులో బస్సు ఆగినప్పుడు అడిగింది.

"ఆమెది ఏ ఊరు?"

ఇదే ఊరు, అన్నాను. ఎందుకు నిజం చెప్పానో.

"పెండ్లయిందా?"

అయింది.

"పిల్లలు?"

ఇద్దరు ఆడపిల్లలు.

"చెప్పినవా ఆమెకు?"

లేదన్నాను. పొద్దుటి నుంచి మొదటిసారి నా మొహం చూసింది. "గట్లెట్ల ఊకున్నవ్? నీకు సూది పడ్డది, నాకు పడ్డది. ఆమెకెవరు ఏపియ్యాలె? ఆమె కడుపుల గూడ ఉంటే?"

తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆమె కోసం కూడా ఏడ్చింది. అసలు లేని ఆ మనిషి కోసం.

సెప్టెంబర్ 6
పొద్దున చాయ్ ఇస్తూ, "ఫోన్ చేసినవా?"

చేస్తానన్నాను.

"నా ముందట చెయ్. స్పీకర్ పెట్టు. నేనేమనను, తిట్టను. సూది సంగతి నేనే చెప్త. ఆడదానికి ఆడది చెప్తే ఇంటది."

రెండు రింగులకే ఎత్తుతాడు మల్లేశ్. "ఏంరా, ఇయ్యాల యాదికొచ్చిన్నా?" అంటాడు. ఆ మగ గొంతు సుజాత ఒక్కసారి వింటే చాలు.

తర్వాత చేను దగ్గర ఒక్కణ్ణే ఉన్నప్పుడు వాడికి ముందే చెప్పి ఉండొచ్చు. నంబర్ నొక్కబోయి మూడుసార్లు ఆపేశాను. సుజాత ఫోన్ చేయిస్తుంది, ఎత్తకు అనాలి. లేదా ఎవరైనా ఆడమనిషితో మాట్లాడించు అనాలి. ఇంకో అబద్ధం, దాని మీద ఇంకోటి. ఆమె మంచితనానికి అంత మురికి పూయలేను. అలాగని నిజమూ చెప్పలేను. మరి ఆ పెబ్బేరు ఇంట్లో వాడి భార్య సంగతో? ఆమె నిజంగానే ఉంది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

అమ్మ చేనికి పోయింది. ఇంట్లో మేమిద్దరమే. గిన్నెలు కడగడం అయిపోతే వస్తానంది. ఫోన్ మంచం మీద, నా పక్కనే ఉంది.

నీళ్ల చప్పుడు ఆగింది.