పిడి దగ్గర మూడు వేళ్లు

విల్లులు చేసిన నాన్నకు ఒక్కగానొక్క కూతురిని, అదే పని చేసి బతుకుతున్నదాన్ని, ఇరవై ఆరేళ్లదాన్ని. తెలివి నిలకడగా ఉండగా, ఎవరూ బెదిరించకుండా, ఎవరూ బతిమాలకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది.

వచ్చే సోమవారం నా గుండెలో చెడిపోయిన కవాటాన్ని మారుస్తారు. ఆసుపత్రిలో సంతకం పెట్టమని ఇచ్చిన నాలుగు పేజీలూ కూర్చుని చదివాను. "ఇవన్నీ ఎవరూ చదవరమ్మా, కింద సంతకం పెట్టేయండి" అన్నాడు గుమాస్తా. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేనే. అందుకని మా వాళ్లందరి వంతూ కలిపి చదివాను. వందలో ముగ్గురు లేవకపోవచ్చని అందులో ఉంది. మిగతా తొంభై ఏడుగురిలో ఉండాలన్నదే నా నిర్ణయం. అయితే నేను లేని మర్నాడే మా పనిశాలలో ఏది మాయమవుతుందో నాకు తెలుసు. అది నేను ఆరేళ్లు కొలిచి రాసిన విల్లు కొలతల పట్టిక. దాన్ని కాపాడటానికే ఈ కాగితం.

1. పంపకాలకు ముందు ఒక సంగతి నమోదు చేస్తున్నాను. విల్లుకు నడుమ పిడి, అటూ ఇటూ వంగే రెండు రెక్కలు ఉంటాయి. రెక్క ఎంత వెడల్పు, ఎంత దళసరి అన్నదే మా పనంతా. తాతయ్య చెప్పిన సూత్రం ఒక్కటే: "పిడి దగ్గర మూడు వేళ్లు, కొస దగ్గర చిటికెన వేలు." ఎవరి వేళ్లో ఆయన చెప్పలేదు. అందరూ తమ వేళ్లే పెట్టి కొలిచారు.

తాతయ్యవి లావుపాటి వేళ్లు. పెదనాన్నవీ అంతే. "మా నాన్న చెయ్యి నాకొచ్చింది" అని పెదనాన్న నలుగురిలో చెప్పుకుంటాడు. నిజమే, వచ్చింది. మా నాన్నవి సన్నటి వేళ్లు. ఆయన చేసిన విల్లులు పదకొండు విరిగాయి. పన్నెండోది మొదలుపెట్టలేదు. గొడ్డళ్లకూ పారలకూ పిడులు చేసుకుంటూ మిగతా బతుకు గడిపాడు. నాలుగేళ్ల క్రితం పోయేముందు కూడా "నా చేతిలో ఏదో దోషం ఉందే" అన్నాడు.

దోషం లేదు. తాతయ్య విల్లు రెక్క పిడి దగ్గర యాభై రెండు మిల్లీమీటర్ల వెడల్పు, పదమూడు దళసరి. నాన్నది నలభై ఒకటి వెడల్పు. వెడల్పు తగ్గితే విల్లు మెత్తబడుతుంది. లాగేటప్పుడు చాలినంత బిగువు రావాలంటే దళసరి ఎక్కువ ఉంచాలి. నాన్న పద్నాలుగు ఉంచాడు. వెడల్పు రెట్టింపు చేస్తే బిగువు రెట్టింపే అవుతుంది, దళసరి రెట్టింపు చేస్తే ఎనిమిది రెట్లు అవుతుంది. కానీ దళసరి రెక్క అంతే వంగాలంటే దాని వీపు, అంటే బయటి వైపు, ఇంకా సాగాలి. ఆ కర్ర అప్పటికే సాగగలిగినంతా సాగుతోంది. మా నాన్న పేరు పోయింది ఒక్క మిల్లీమీటరు దగ్గర. ఈ సంగతి కనిపెట్టిన రోజున పనిశాలలో అందరి ముందూ చెప్పాను. పెదనాన్న బాడిస కింద పెట్టకుండానే, "నాలుగు అక్షరాలొచ్చాయని కర్రకి పాఠం చెప్తావా అమ్మాయ్? చచ్చినోడి చెయ్యి మంచిదని ఇప్పుడు తేల్చి ఎవరికి ఉపకారం?" అన్నాడు.

నాకు ఉపకారం. రెండో నిబంధనలోని మనిషికి ఉపకారం.

2. పనిశాలలో నేను పనిచేసే బల్ల, కర్రను బిగించే పట్టుడు మర, రెండు పిడుల కత్తి, బాడిస, ఆకురాళ్లు మూడు, వంపు సరిచూసే కొయ్య చట్రం, ఇవన్నీ పెదనాన్న కూతురికి, అంటే నా చెల్లికి, సర్వహక్కులతో చెందాలి. పందొమ్మిదేళ్లుగా దాన్ని "దోమకాలు" అని పిలుస్తూ, వేళ్లు సన్నగా ఉన్నాయి కాబట్టి తాళ్లు పేనడానికే పనికొస్తుందని తేల్చేశారు. పోయిన వర్షాకాలంలో పెదనాన్న మోకాలి నొప్పితో ఇంట్లో ఉన్న మూడు వారాల్లో, పట్టిక చూసుకుంటూ అది ఒక విల్లు చేసింది. దాన్ని వెయ్యిసార్లు లాగి చూశాం, విరగలేదు. ఏడు వందల దగ్గర నేను లెక్క తప్పాను, చెల్లి తప్పలేదు. నా బల్ల మీద అది తాళ్లు పేనితే ఈ దానం రద్దు.

3. పనిశాల గుమ్మం పైన పెదనాన్న వేలాడదీసిన విరిగిన విల్లు నాన్న చేసిన పదకొండోది. కొత్తగా పనికొచ్చిన వాళ్లకు దాన్ని చూపించి, "చేతిలో లేకపోతే ఇట్టా అవుద్ది" అనడం ఇన్నేళ్ల అలవాటు. దాన్ని దించి మా అమ్మకు ఇవ్వాలి. అమ్మ దాన్ని పొయ్యిలో పెట్టినా, మంచం పక్కన పెట్టుకున్నా ఆమె ఇష్టం. ఇరవై ఏళ్లు ఆ గుమ్మం కిందుగా తల వంచుకుని నడిచిన మనిషి, ఏం చేయాలో ఆమెకే తెలుసు.

4. పట్టికను ఎవరికీ రాయడం లేదు. అది పనిశాల గోడ మీద ఉండాలి, వచ్చినవాళ్లందరికీ కనపడాలి. చదువు రానివాళ్లు కూడా వాడుకునేలా అందులో అక్షరాలు లేకుండా బొమ్మలూ అంకెలే పెట్టాను. పొడవుకు: బాణం లాగే దూరానికి రెండింతలు, ఆపైన పిడి పొడవు. వెడల్పుకు: ముందు కర్రను అడగాలి. వేలెడు పుల్ల కోసి సన్నటి గాజు గొట్టంలో నీళ్లు పోసి నిలువుగా వదలాలి. పదిలో ఎనిమిది వంతులు మునిగితే యాభై రెండు చాలు. ఆరు వంతులే మునిగితే అరవై ఐదు కావాలి. దళసరి అన్నిటికన్నా చివర, వంచి చూస్తూ, గీకుతూ.

ఈమధ్య పెదనాన్న చేసిన విల్లులు తాడు విప్పినా వంగే ఉంటున్నాయి. ఆయన తాడును తిడుతున్నాడు, వానను తిడుతున్నాడు. తాతయ్య నాటి బరువైన కర్ర ఇప్పుడు దొరకడం లేదు. కర్ర మారింది, వేళ్లు మారలేదు. ఈ మాట బతికుండగా నేను చెబితే వినలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

5. నా స్టీలు స్కేలు అమ్మకు. అంకెలు నేర్చుకుంది దాని మీదే. అరవై దాకా తప్పు లేకుండా చదువుతుంది. అరవై ఒకటి దగ్గర ఎందుకో సిగ్గుపడుతుంది. బడిలో నాకు లెక్కలు చెప్పిన టీచరమ్మ రోజూ సాయంత్రం ఓ పావుగంట కూర్చుని ఆమెను వంద దాటించాలని కోరుతున్నాను. కోరుతున్నానే గానీ, ఆ పావుగంట నేను కూర్చుని ఉండాల్సింది. కూర్చోలేదు.

6. పెదనాన్నకు: నా బల్ల సొరుగులో పాత గుడ్డలో చుట్టిన చెక్క ముక్క. సరిగ్గా యాభై రెండు మిల్లీమీటర్లు. తాతయ్య చేసిన విల్లులు దొరికినవి తొమ్మిదింటిని కొలిచి, ఆ కొలతకు చెక్కి, నూనె పట్టించాను. అది తాతయ్య మూడు వేళ్లు. పట్టుకుని చూడండి పెదనాన్నా. కోపమొస్తే విరిచేయండి. ఇంకో రెండు చేసి దాచాను, ఎక్కడో చెల్లికి తెలుసు.

7. ఈ వీలునామా అమలుకర్తగా పెదనాన్ననే నియమిస్తున్నాను. తెలిసే రాశాను, పొరపాటున కాదు. ఆయన నా మాట కాదన్నాడు గానీ, పోయినవాళ్ల మాట ఎప్పుడూ కాదనలేదు. వేళ్ల సూత్రాన్ని ఇన్నేళ్లు పట్టుకుని వేలాడటమే అందుకు సాక్ష్యం. ఆయనకు చదవడం రాదు కాబట్టి పనిశాలలో అందరూ ఉండగా ఆయన కూతురు దీన్ని మొదటినుంచి చివరిదాకా గట్టిగా చదవాలి. ఒకటో నిబంధన రెండుసార్లు చదవాలి. ఆయన అమలు చేయనంటే ఆ బాధ్యత టీచరమ్మది.

8. పై నిబంధనలన్నీ నా తదనంతరమే అమలులోకి వస్తాయి. బతికొస్తే నా బల్ల నాది, చెల్లికి పక్కన ఇంకో బల్ల వేయించడం నా పూచీ. నాలుగో నిబంధన ఒక్కటి నా చావు కోసం ఆగదు. పట్టికను పోయిన వారం రేకు మీద ఉలి దెబ్బలతో కొట్టించాను. ఈ ఉదయం పెదనాన్న టీ తాగుతూ చూస్తుండగా పనిశాల తూర్పు గోడకు పన్నెండు మేకులతో బిగించి, మేకుల తలలు ఆకురాయితో అరగదీశాను. ఊడదీయాలంటే గోడ పగలగొట్టాలి. పాత పంపకాల కాగితం తీసి చూశాను. ఆ గోడ నాన్న వాటాలోది.

ఇది నా ఇష్టపూర్వకంగా రాసి, చదివి చూసుకుని, రెండు కొట్టివేతలు సరిదిద్ది, ముగ్గురు సాక్షుల ఎదుట సంతకం చేశాను.

2025 మార్చి 12, బుధవారం

(సంతకం)
విల్లులు చేసేది

సాక్షులు:
1. బడిలో నాకు లెక్కలు చెప్పిన టీచరమ్మ (సంతకం)
2. పక్క సందులోని కోత మిల్లు మేస్త్రి (సంతకం)
3. టీ కొట్టు బాబాయి (వేలిముద్ర)