నన్ను దాటిపోయిన పసుపు

సద్దుల బతుకమ్మ రాత్రి, ఊరుగాని ఊళ్లో మన తెలుగువాళ్లుండే పర్వత్ పాటియా.

ఆటకు ముందు మైకులో మా వదిన బాగా మాట్లాడింది. "మొగడు పోతె ఆడది పండుగకు పనికిరాకుంట పోతదా? గవన్నీ పాత ముచ్చట్లు" అన్నది. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. ఆయన పోయాక ఇది నా మొదటి బతుకమ్మ.

పొద్దున్నుంచీ వాళ్లింట్లో కూర్చుని బంతిపూలు పేర్చాను. పసుపుముద్దతో గౌరమ్మను చేసిందీ నేనే. ఆట అయ్యాక వదిన ఆ పసుపునే ఒక్కొక్కరికీ పంచుతూ వచ్చింది. నా ముందుకు రాగానే పళ్లెం వెనక్కి తీసుకుంది.

"నువ్వు జర ఆగు సుజాతా. నలుగురు చూస్తున్నరు, ఏమనుకోకు" అన్నది మెల్లగా.

గౌరమ్మను చేసేటప్పుడు ఇంట్లో చూసేవాళ్లు లేరు కదా, అప్పుడు నా చేతులు పనికొచ్చాయి.

దారి పొడుగునా వదినను తిట్టుకుంటూనే వచ్చాను. ఇంటికి రాగానే నా బిడ్డ తన చెంప మీది పసుపును వేలితో తీసి, "మమ్మీ, ఇటు తిరుగు. ఏం కాదు, కుఛ్ నహీ హోతా" అంది.

ఎందుకో, నా ముఖం పక్కకు తిరిగిపోయింది.

పిల్ల వేలు లంగాకు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.