గార్నెట్ లోపలి సీసం

కినత్తుకడవు
12 ఆగస్టు 2024

ప్రియమైన రంగరాజన్‌కు,

నీ ఫోను వచ్చాక రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను. మదురైలో మీ అక్క చదివిన కాలేజీలో ఆమె పేరిట ప్రైజు పెడుతున్నావు. ఫలకం మీదికి ఆమె గురించి నాలుగు వరుసలు అడిగావు. ‘రంగనాయకి, ఉత్తమ గృహిణి, అందరికీ అన్నం పెట్టిన చేయి’ అని పంపాను.

“ఏమి బావా, ఇంతే దానా? మేము ఏమి వంటమాస్టరుకా ప్రైజు పెట్టేది? జియాలజీలో గోల్డ్ మెడల్ వాంగిన పిల్ల అది” అన్నావు.

నువ్వు అడిగింది న్యాయం. ఆమె పోయి ఎనిమిది నెలలైంది. ఇంకెవరికీ చెప్పని సంగతి నీకు చెబుతున్నాను. నీకు తెలుగు అక్షరాలు నేర్పింది ఆమే కాబట్టి ఇలా రాస్తున్నాను. మెల్లగా చదువు.

1987లో నేను ఒక కొండ దగ్గర క్యాంపులో సీసం, జింకు ఖనిజం వెతికే పనిలో ఉన్నాను. మాకు పెళ్ళయి ఏడాది. ఆ కొండ రాళ్ళలో పగుళ్ళున్నాయి. పగుళ్ళ నిండా సీసపు ఖనిజం, పెద్ద పెద్ద పలకలుగా మెరుస్తూ కనిపించింది. కొండ తయారయ్యాక ఎప్పుడో కింద కరిగిన రాయి నుంచి వేడినీళ్ళు పైకి వచ్చి, ఆ పగుళ్ళలో ఖనిజాన్ని నింపాయని నేను తేల్చాను. కంటికి కనిపించేది అదే.

మీ అక్క మధ్యాహ్నాలు నా మైక్రోస్కోపు ముందు కూర్చునేది. ఒకరోజు నన్ను పిలిచింది.

“ఇది చూడండి. గార్నెట్ లోపల సీసం ఉండాది.”

“పగులులో నుంచి దూరి ఉంటుంది.”

“పగులు ఏది? చూపించండి.”

నేను చూపించలేదు. డ్రిల్లింగ్ వాళ్ళు పిలుస్తున్నారని బయటికి వచ్చేశాను. ఎవరూ పిలవలేదు.

ఆమె చెప్పింది ఇది. గార్నెట్ ఎర్రటి గింజ. రాయి భూమిలోపల బాగా కాగినప్పుడు అది పెరుగుతుంది, పెరుగుతూ పక్కనున్నదాన్ని తనలో మూసుకుంటుంది. లోపల సీసం ఉందంటే, రాయి కాగకముందే సీసం అక్కడుంది. అంటే ఆ ఖనిజం మొదట సముద్రం అడుగున పుట్టింది. అడుగు నుంచి ఉబికిన వేడినీళ్ళలోని లోహాలు గంధకంతో కలిసి, నల్లని మెత్తని బురదగా పొరలు పొరలుగా దిగాయి. వాటి మీద వేరే మట్టి పేరుకుంది. అన్నీ కలిసి మైళ్ళ లోతుకు పోయి, కోట్ల ఏళ్ళు వేడికీ ఒత్తిడికీ లోనయ్యాయి. కంటికి ఆనని రేణువులు ఒకదాన్నొకటి కలుపుకుని పెద్ద పలకలయ్యాయి. రాళ్ళు మడతలు పడ్డాయి. సీసపు ఖనిజం మెత్తనిది, నలిగినచోట నిలవదు. తేని ఊరి నుంచి తెప్పించిన మన బూరుగుదూది పరుపును మడిస్తే దూది వంపులోకి చేరుతుంది కదా, అలా మడత వంపులోకి జరిగింది. కొంత పగుళ్ళలోకి పోయింది. నేను చూసింది ఆ కొంత. దాన్నే పుట్టుక అనుకున్నాను.

“వంపులో తోడించండి, బోరు అక్కడ వేయండి” అంది. నేను పగుళ్ళ వెంట మూడు బోర్లు వేయించాను. ఏమీ తగల్లేదు. ఖనిజం లేదని రిపోర్టు రాసి క్యాంపు మూయించాను. ఆమె మాట అందులో ఒక్క ముక్క లేదు. ఆ తర్వాత ఆమె మైక్రోస్కోపు ముట్టలేదు.

2005లో వేరేవాళ్ళు వంపులో తోడారు. అరవై మీటర్ల లోతులో ఖనిజం తగిలింది. వాళ్ళ రిపోర్టు నాకు పోస్టులో వచ్చింది. చదివి, పాత ఫైళ్ళ కింద పెట్టాను. ఆమెకు చెప్పలేదు. ఆమె ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయిందనుకున్నాను. మరిచినదాన్ని కెలకడం ఎందుకని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఇప్పుడు ఏ ముఖంతో రాయను? ఆ వంట వరుసలే ఉంచు. లేదా పేరొక్కటే చెక్కించు.

మీ బావ,
కోదండరామన్


కినత్తుకడవు
1 సెప్టెంబరు 2024

రంగరాజన్‌కు,

ఉత్తరం చదివి నువ్వు ఫోను చేశావు. నీ వెనక మదురై మాట్టుతావణి మార్కెట్టు లారీల చప్పుడు. నువ్వు చెప్పింది చెప్పినట్టే ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. నేను సరిగ్గా విన్నానో లేదో చూడు.

“అక్క మరిచిపోలేదు బావా. ఆ రిపోర్టు మీకన్నా ముందర అక్కే చదివె. కవరు విప్పి, చదివి, మళ్ళీ గమ్ము పూసి పెట్టినానని నాకు ఫోను చేసి నవ్వె. ‘ఈ సాయంత్రం మీ బావ చెప్తారు చూడు’ అనె.”

తర్వాత ఇది కూడా చెప్పావు.

“దీపావళికి వచ్చినప్పుడు అడిగినాను, చెప్పినారా అక్కా అని. ‘ఇంకా లేదురా’ అనె. మరుసటేడూ అడిగినాను. మూడో ఏడు, ‘ఇంక అడగవద్దురా’ అనె.”

ఆ సాయంత్రం నాకు గుర్తుంది. కాఫీ తెచ్చి ఎదురుగా కూర్చుంది. తోటలో మోటారు కాలిపోయిందని, దానికి కాయిలు చుట్టేవాడు రాలేదని చెప్పాను. ఆమె వింటూ చాలాసేపు కూర్చుంది. మోటారు గురించి అంత శ్రద్ధేమిటా అనుకున్నాను. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం.

ఫలకానికి నాలుగు వరుసలు ఇవి.

‘రంగనాయకి, భూగర్భ శాస్త్రజ్ఞురాలు. ఒక కొండలోని సీసం, జింకు ఖనిజం ఆ రాళ్ళతోపాటే సముద్రం అడుగున పుట్టి, తర్వాతి వేడికీ ఒత్తిడికీ రూపమూ చోటూ మార్చుకుందని 1987లో కనిపెట్టింది. గార్నెట్ లోపలి ఖనిజాన్ని రుజువుగా చూపింది. ఆమె మాట తోసేసి తప్పు రిపోర్టు రాసినవాడు ఆమె భర్త కోదండరామన్.’

ఇదే సంగతి సంతకం పెట్టి మా పాత ఆఫీసుకూ పంపాను. పాత రిపోర్టుకు జతచేయమన్నాను.

చివరి వరుస తీసేద్దామని కాలేజీవాళ్ళు అంటారు. నా వయసు చూసి నువ్వూ అంటావేమో. తీయవద్దు.

కోదండరామన్