ఉమ్మనీటిలో కొట్లాడినదానికి

పేరు పెట్టకముందే పోయిన నా చిట్టితల్లికి,

నీకు తద్దినం లేదు గనుక ఏ రోజు తలుచుకున్నా అడిగేవాళ్లు లేరు. ఈరోజు మీ పిన్నమ్మ కూతురిని కర్నూలు ఆస్పత్రికి తీసుకుపోయినాను. దానికి ఏడో నెల, విడవని జ్వరం. సూదితో ఉమ్మనీరు తీసి పరీక్ష చేయించి, అందులో చీము కణాలున్నాయని డాక్టరమ్మ మందులు మొదలుపెట్టింది.

నెలలు నిండకుండానే వచ్చిన నీ కాన్పప్పుడూ ఇదే మాట చెప్పినారు. ఆ మాట పట్టుకొని మీ నాయనమ్మ నందికొట్కూరంతా చాటింది: "కోడలి వంట్లోని చీము బిడ్డను సంపింది." ఇన్నేండ్లు నేనూ అదే నమ్మినాను.

"ఆ కణాలు యాడనుంచి వస్తాయమ్మా?" అని అడిగినాను.

"రోగంతో కొట్లాడే కణాలవి. తల్లివీ కావచ్చు, బిడ్డవీ కావచ్చు. నెలలు నిండకపోతే ఎక్కువగా బిడ్డవే" అంది.

ఇంటికొచ్చి మీ నాయనమ్మకు అన్నం పెడుతూ ఈ సంగతి చెప్పినాను.

"కొట్లాడి ఏం జేసిందిలే, బతికిందా?" అంది ముద్ద కలుపుకుంటూ.

పక్కనే మీ నాయన తల ఎత్తలేదు, అప్పట్లాగే. మజ్జిగ పోసి లేచినాను. ఈ ఇంట్లో నువ్వు పోయిన పొద్దు కొట్లాడింది, కండ్లైనా తెరవని నువ్వొక్కదానివే.

మీ అమ్మ