మొదటి చుక్క

జూన్ 4

అమ్మ పోయి రెండు నెలలు. ఏడుపు రావడం లేదు. అమ్మ పంపిన వాయిస్ మెసేజ్‌లు నా ఫోన్‌లో నలభై ఒకటి ఉన్నాయి. ఆయన వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, పేర్లు నన్నే పెట్టమన్నారు. ఐదో తరగతి చదువు నాది. ఒక్క వేలితో కొట్టాను. "అమ్మ. దగ్గు మందు", "అమ్మ. దుప్పటి", "అమ్మ. నా మీద కోపం", ఇలా. "అమ్మ" తర్వాత ప్రతిసారీ చుక్క పెట్టాను. పేరు రాశాక చుక్క పెట్టమని బడిలో నేర్పారు.

జూన్ 6

అత్తయ్య ఫోన్ పాడైంది. ఆయన నాకు కొత్తది కొని, నా పాతది అంతా తుడిచి ఆవిడకిచ్చారు. కంప్యూటర్‌లో ఉన్నాయిగా అన్నారు. రెండు రోజులు ఆగమందామనుకున్నాను. కానీ సరేనని తల ఊపాను.

జూన్ 9, ఉదయం

ఆయన ఆఫీసులో కోడ్ రాస్తారు. ఇవాళ సెలవు. పేరు నొక్కగానే అమ్మ మాట వినపడేలా నా ఫోన్‌లో ఒక పేజీ చేస్తానన్నారు. ప్రతి ఫైల్ పేరు చివరా .mp3 అని తోక ఉంది, నీకెందుకది, కత్తిరించేస్తానన్నారు. నాలుగు లైన్లు రాసి ముందు తన పాటల మీద ట్రై చేశారు. బాగానే వచ్చింది. వీడు చిన్నప్పుడు రేడియో విప్పి బిగిస్తే నాలుగు స్క్రూలు మిగిలేవని అత్తయ్య చెప్పింది. నవ్వు రాలేదు.

మధ్యాహ్నం

కంప్యూటర్‌లో ఒక్కటే ఉంది. పేరు "అమ్మ".

"చివరి చుక్క దగ్గర కొయ్యాలి. నేను మొదటి చుక్క దగ్గర కోసేశాను," అన్నారు.

ఆయన పాటల పేర్లలో ఒక్క చుక్కే. నా పేర్లలో రెండు, "అమ్మ" తర్వాత ఒకటి, తోక ముందు ఒకటి. అన్నీ "అమ్మ" దగ్గరే తెగాయి. ఒకే పేరు కాబట్టి ఒకదాని మీద ఒకటి పడి, కిందవి చెరిగిపోయాయి. నాకు అర్థమైంది. అంత కష్టమేం కాదు.

ఆయన అన్నం తినలేదు. నేను తిన్నాను.

జూన్ 10

ఆఫీసులో ఎవరినో అడిగి వచ్చారు. పోయినవి రావట. అత్తయ్య నన్ను వంటింట్లోకి పిలిచింది.

"వాణ్ణి రెండు తిట్టవే తల్లీ. నీకు రాకపోతే నేను తిడతాను, నువ్వు పక్కన నుంచో."

నుంచోలేదు. పప్పు పొంగుతోంది, మూత తీశాను.

జూన్ 13

మిగిలినది ఏదో ఇంకా తెరిచి చూడలేదు. తెరవనంతవరకు ఏదైనా కావచ్చు.

జూన్ 17

తెరిచాను. రికార్డింగ్ ఆపడం మరిచిపోయి అమ్మ ఫోన్ గట్టు మీద పెట్టినప్పటిది. మాట లేదు. పదకొండు నిమిషాలు గిన్నెలు తోముతోంది.

ఫోన్ పక్కన పెట్టుకుని నేనూ తోమాను. అమ్మవి ముందు అయిపోయాయి.