నాన్న వైన్ తొట్టిలో బీరు

నపరెయులి,
2013 నవంబరు 21.

పూజ్యులైన ఇమెదా మామయ్యకు,

మీ మేనకోడలు ఖాతూనా నమస్కరించి రాసేది. నాన్న, నేను బాగానే ఉన్నాం. అత్తయ్య మోకాలి నొప్పి తగ్గిందని, గొర్రెలన్నీ కొండ దిగి క్షేమంగా చేరాయని బస్సు డ్రైవరు చెప్పాడు. ఈ ఉత్తరం, దీంతోపాటు ఒక సీసా అతని చేతే పంపుతున్నాను.

డిసెంబరు ఏడున అమ్మ సంవత్సరీకం. మీరు రానన్నారని తెలిసింది. పోయినేడు అమ్మను సాగనంపిన రోజు మీరు తెచ్చిన బీరు పీపాను నాన్న గుమ్మం దాటనివ్వలేదు. "పోయిన మనిషి పేరు చెప్పి బీరు తాగుతారా బావా? మా పల్లంలో పగవాడి పేరు మీదే బీరు గ్లాసెత్తుతాం" అన్నాడు. మీరేమో, "నా చెల్లెలు పుట్టిన కొండమీద గుడి ముందు పోసేది బీరే. అది లేని విందు బల్ల దగ్గర నేను కూర్చోను" అని పీపా మళ్ళీ బండెక్కించారు. ఎవరిది తప్పో నేను తేల్చలేను. అందుకే ఈసారి బల్ల మీద బీరు ఉండేలా చూద్దామనుకున్నాను.

మా ఇంట్లో ఉన్నవన్నీ వైన్ సామాన్లే. అక్టోబరు మధ్యకల్లా ద్రాక్ష పని అయిపోయి ఖాళీగా ఉన్నాయి. నేను రెండు బస్తాల మొలకబార్లీ, రెండు పొట్లాల ఈస్ట్ కొన్నాను. సారా కాచే రాగి బానలో వేణ్ణీళ్ళు పోసి బార్లీ నానబెట్టాను. ద్రాక్ష పిండే మరలో గుడ్డ పరిచి ఆ నీళ్ళు వడకట్టాను. చేదు కోసం ఏటి గట్టున కోసిన హాప్స్ పూలు వేసి అదే బానలో మరిగించాను. సారా బట్టీలోని చుట్టల గొట్టాన్ని బావినీళ్ళలో ముంచి, మరిగిన రసాన్ని అందులోంచి పోనిచ్చి చల్లార్చాను. వైన్ తొట్టికి పొగబెట్టిన గంధకం వాసన పోవడానికి ఏడుసార్లు వేణ్ణీళ్ళు పట్టాయి. ఆ తర్వాత రసం అందులో పోసి, పులియడానికి ఈస్ట్ కలిపి మూత పెట్టాను.

పక్కింటి ఓతారీ బాబాయి గోడ మీంచి తొంగిచూసి, "ఏమ్మా, గుర్రాలకి దాణా వండటానికేనా తిబిలిసిలో అంత చదువు చదివావు?" అన్నాడు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే కాబట్టి ఆ మాట గుచ్చుకుంది. నాన్న మాత్రం, "అయ్యాక తొట్టి కడిగి పెట్టు" అన్నాడంతే.

ఐదో రోజుకి తొట్టిలోంచి పుల్లటి కంపు. మూత తీస్తే రసమంతా చెడింది. నాన్ననడిగితే, "రోజుకి నాలుగుసార్లు తెడ్డుతో ఆ నురగని కిందికి తొక్కుతూనే ఉన్నానే! తొక్కకపోతే చెడిపోదూ?" అన్నాడు. ద్రాక్షరసం మీద తేలే తొక్కల్ని అలాగే తొక్కాలి. నలభై ఏళ్ళుగా చేస్తున్న పని అది. బీరుకి మూతే తీయకూడదు. పైగా ఆ తెడ్డు నిండా పాత వైన్. "నువ్వు కావాలనే చేశావు నాన్నా!" అని అరిచాను. ఆయన తెడ్డు గోడకి ఆనించి తోటలోకి వెళ్ళిపోయాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మిగిలిన బస్తాతో రెండోసారి కుదిరింది. పదిహేను రోజులూ మూత ఎవరూ తీయలేదు. రంగు అక్రోటు డిప్పలా ఉంది, చేదు కాస్త ఎక్కువ. అమ్మ మీ ఇంటి బీరు గురించి చెప్పిన రుచి ఇదేనో కాదో మీరే చెప్పగలరు. వైన్ కూజా పక్కనే దీన్నీ పెడతాం. అమ్మ ఫొటోకి కుడివైపు కుర్చీ మీది.

బాగుంటే రండి. బాగాలేకపోతే ఆ మాట చెప్పడానికైనా రండి.

మీ మేనకోడలు,
ఖాతూనా

తా.క. సీసాలోది నేను చేసింది కాదు. చెడిన రసం పారబోసిన మర్నాడే నేను పరీక్షలకి తిబిలిసి వెళ్ళాను. మూడు వారాలకి తిరిగొచ్చేసరికి తొట్టి నిండా బీరుంది. బీరు చేసే పద్ధతి రాసుకున్న నా నోటుపుస్తకంలో పేజీలన్నీ తడిసి మరకలైపోయాయి. 'మూత తీయకూడదు' అన్న చోట పెన్సిలుతో రెండు గీతలు. తెడ్డేమో నిచ్చెన లేనిదే అందనంత ఎత్తున దూలానికి కట్టేసి ఉంది. "మీ మామకి చెప్పకు. నువ్వు చేశావంటే తాగుతాడు, నేను చేశానంటే ఒలకబోస్తాడు" అన్నాడు నాన్న. నేను చెప్పేశాను. ఒలకబోసే ముందు ఒక్క గుక్క తాగి చూడండి.