అరిగిన వేలు

అమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మా టీమ్ తయారుచేసిన వేలిముద్ర హాజరు మెషిన్ ఎలా పనిచేస్తుందో చూద్దామని పొద్దున ఇస్నాపూర్‌లో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డాను. ఆఫీసులో మా నున్నటి వేళ్లతో ఒక్కసారి కూడా తప్పలేదది. ఇక్కడ ప్యాకింగ్ పనిచేసే ఒకామె కొంగుకు వేలు తుడుచుకుని నాలుగుసార్లు పెట్టింది. ఎర్రలైటే వెలిగింది.

"మిషిన్ మంచిగనే ఉంది బిడ్డా, నా ఏలే అరిగింది" అని నవ్వింది.

రేషన్ షాపులో వేలిముద్ర పడనప్పుడు నువ్వూ అదే మాటన్నావు. "జెర సక్కగ పెట్టరాదమ్మా!" అని అందరి ముందూ కసిరాను నేను.

మెషిన్ విడుదల ఆపించాను. బాస్ అరిచాడు, అరవనీ. ఇకమీదట పరీక్షకు ఆఫీసు వేళ్లు వద్దు, మొదటి వేలు ఆమెదే. కొత్త నియమాల్లో మొదటి వాక్యం నేనే రాశాను: వేలు పడకపోతే తప్పు మనదే.

ఆ రోజు నీకు చెప్పాల్సిన మాట.